జల్లెడ టోపీల గ్రహణం

మా అన్న ఫిదెన్సియో మనిషి ముఖం చూసి ఇరవై ఒక్క ఏళ్ళయింది. గుడ్డివాడేమీ కాదు. కొండెక్కి మేకల్ని మేపుకొస్తాడు, గడప తగలకుండా ఇంట్లోకొస్తాడు, ఎవరి కుక్క ఏ పక్కనుంచి వస్తోందో మాకంటే ముందే పసిగడతాడు. కానీ దేన్ని సూటిగా చూస్తే అది మాయమైపోతుంది. రెండు కళ్ళలోనూ నట్టనడుమ ఒక నల్లమచ్చ. చుట్టుపక్కల లోకమంతా ఉంటుంది, చూడాలనుకున్నది మాత్రం ఆ మచ్చ వెనక దాక్కుంటుంది. అందుకే ఎవరితో మాట్లాడినా కోడిపుంజులా తల పక్కకి తిప్పి నిలబడతాడు. కొత్తవాళ్ళు పొగరనుకుంటారు. పొగరు కూడా ఉందనుకోండి, అది వేరే సంగతి.

మా ఊరు యుకున్యూలో ఎవర్నడిగినా ఒకటే చెప్పేవారు, డెబ్బైలో వచ్చిన గ్రహణం ఫిదెన్సియో కళ్ళు తినేసిందని. గ్రహణం తినలేదు. నేను తినిపించాను.

అప్పుడు నాకు పదహారేళ్ళు. గ్రహణాన్ని నీళ్ళలో చూస్తే ఏమీ కాదని మా అమ్మమ్మ చెప్పేది, ఆవిడకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. బట్టలుతికే రేకు తొట్టి నిండా నీళ్ళుపోసి వాకిట్లో పెట్టింది నేను. "రా అన్నా, నీళ్ళలో సూర్యుడు చల్లగా ఉంటాడు, ఎంతసేపైనా చూడొచ్చు" అని పిలిచింది నేను. అన్న అరగంటసేపు తొట్టి మీద వంగి చూశాడు. మర్నాడు పొద్దున రొట్టె ఎక్కడుందో తెలియక పళ్ళెమంతా తడుముకున్నాడు. అమ్మ ఏడ్చింది, ఊరు గ్రహణాన్ని తిట్టింది, నేనూ వాళ్ళతో కలిసి తిట్టాను. చాలా ఏళ్ళ తర్వాత ఆస్పత్రిలో ఒక నర్సమ్మ మాటల్లో అంది, "నీళ్ళైనా అద్దమైనా ఒకటేనమ్మా, ఎండ తిరిగి కంట్లోకే పోతుంది" అని. ఆ రోజు నుంచీ ఆ తొట్టి నా గుండెల మీదే ఉంది. ఎవరికీ చెప్పలేదు. అన్నకైతే చెప్పే ధైర్యం చాల్లేదు.

మళ్ళీ తొంభై ఒకటిలో, జూలై నెలలో, గ్రహణం వస్తోందన్నారు. ఈసారి మా కొండల మీద సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడట, మిట్టమధ్యాహ్నం ఒంటిగంట దాటాక. రేడియోలో పొద్దస్తమానం అదే గోల. బయటికి రాకండి, కిటికీలు మూసుకోండి, పిల్లల్ని కట్టేసుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళకి ఎర్రగుడ్డ కట్టారు, మేకలకి కట్టారు, నిమ్మచెట్లకి కట్టారు. దుకాణంలో ఎర్రగుడ్డ అయిపోతే తెక్లా పిన్ని తన పెళ్ళినాటి లంగా చింపి అమ్మకానికి పెట్టింది. సరిగ్గా ఆ ఏడాదే ఊరిపెద్ద వంతు మా అన్నది.

మాది టోపీలల్లే ఊరు. ఎండలో ఈతాకు పెళుసెక్కి పుటుక్కున తెగిపోతుంది కనుక కొండ కడుపులో తొలిచిన గుహలో కూర్చుని అల్లుతాం. లోపల చెమ్మ, చల్లదనం, అరవై డెబ్భై మందికి సరిపడా చోటు, ఏడొందల మందికి సరిపడా కబుర్లు. అందరిలోకీ మా అన్న అల్లికే గొప్ప. మచ్చ కళ్ళకే కానీ వేళ్ళకి లేదుగా. ఆ టోపీలో నీళ్ళు పోస్తే బొట్టు కారదు. నా అల్లిక సంగతి అడక్కండి. నా చేతులు నా నోటితో పందెం వేసుకుని పరిగెడతాయి. ఆదివారం టోపీలు కొనడానికొచ్చే మనిషి నాది వెలుతురుకి పెట్టి చూసి ప్రతిసారీ ఒకటే కూత కూస్తాడు.

"నిసెఫోరమ్మా, ఇది నెత్తిన పెట్టుకోడానికా, పిండి జల్లించుకోడానికా?"

గ్రహణం ఇంకో వారముందనగా అన్న గుహ మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"గురువారం పదకొండు కల్లా ఊరంతా ఇక్కడుండాలి. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ. పట్టనివాళ్ళు పక్క గుహలో కూర్చోండి. వాకిళ్ళకి దుప్పట్లు కడతాం. మూడు దాటేదాకా ఒక్క తల బయటికొచ్చిందంటే నేనూరుకోను."

ఎల్విరా టీచరమ్మ లేచి నిలబడింది. పట్నం పిల్ల, మా బడికి వచ్చి రెండేళ్ళయింది, పాతికేళ్ళు కూడా ఉండవు.

"ఫిదెన్సియో గారూ, ఇలాంటిది మన మనవలకి కూడా దక్కదండీ. పద్ధతి ప్రకారం చూస్తే ఏ ప్రమాదమూ లేదు."

"పద్ధతి ప్రకారమే చూశానమ్మా నేను" అన్నాడు అన్న.

నా చేతిలో ఈతాకు వంకర్లు పోయింది. ఆ పద్ధతి ఎవరిదో నాకొక్కదానికే తెలుసు, నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

టీచరమ్మ బయటికొచ్చి బడి గోడకానుకుని కళ్ళు తుడుచుకుంటోంది. నేను టోపీ పెట్టుకుని వెనకే వెళ్ళాను.

"ఏడవకమ్మా. మా అన్నది రాయిలాంటి తల. ఇంతకీ ఏమిటా పద్ధతి? నల్లద్దాలా?"

"నల్లద్దాలు వద్దు, పొగచూరిన గాజు వద్దు, ఎక్స్-రే కాగితం అసలే వద్దు. పట్నంలో వెల్డింగువాళ్ళ దగ్గర పద్నాలుగో నంబరు అద్దం దొరికితే మంచిదే, కానీ ఊరంతటికీ ఎక్కడ తేను? అట్టముక్కకి చిన్న బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు పెట్టి..." అంటూ ఆగిపోయింది. నా కాళ్ళకేసి చూస్తోంది. కాళ్ళ మీద ఏ తేలో పాకుతోందని నేనొక్క గెంతు గెంతాను.

"కదలకు నిసే అత్తా! నీ టోపీ నీడ చూడు."

చూశాను. నీడ నిండా వెలుగు చుక్కలు. నా సిగ్గుమాలిన అల్లిక ఎండలో ఊరంతటికీ బట్టబయలవుతోంది.

"చూశాలే, ఎగతాళి చెయ్యకు."

"ఎగతాళి కాదు! టోపీకున్న సందులు ఎలా ఉన్నాయి?"

"నాలుగు పలకలుగా."

"మరి నేల మీద చుక్కలో?"

గుండ్రంగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా టోపీ పెట్టుకు తిరుగుతున్నాను, ఒక్కనాడూ గమనించలేదు. ఒక్కొక్క చుక్కా అచ్చంగా గుండ్రం.

"అవి చుక్కలు కావత్తా, సూర్యుడి బొమ్మలు. ఒక్కో సందు లోంచి ఒక్కో సూర్యుడు నేల మీద పడుతున్నాడు. గురువారం పైన సూర్యుణ్ణి కొరుకుతుంటే ఇక్కడ ఇవన్నీ కొరుక్కుపోతాయి. ఎవ్వరూ తల పైకెత్తక్కర్లేదు!"

పరిగెత్తుకెళ్ళి అన్న టోపీ అడిగి తెచ్చి పట్టుకున్నాను. కటిక నీడ, ఒక్క చుక్క లేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అల్లికలో మా అన్నని ఓడించాను, ఆ సంతోషం దాచుకోవడం నావల్ల కాలేదు.

మర్నాడు పొద్దున అన్న మేకలు విప్పుతుంటే వెళ్ళి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"అన్నా, చూసేది నేలని. సూర్యుడికి వీపు పెట్టి నేలని. నేలని చూస్తే ఎవరికైనా కళ్ళు పోతాయా?"

"ముందు నేలంటావు. అది చూసి ఊరుకుంటారా పిల్లలు? ఒక్కడు తల ఎత్తుతాడు. ఒక్కడు చాలు నిసే." తల పక్కకి తిప్పి నన్ను చూశాడు. "బళ్ళో పద్నాలుగుమంది పిల్లలున్నారు. వాళ్ళలో ఒక్కడు రేపు పొద్దున రొట్టె తడుముకుంటే నేను బతికుండి ఏం ప్రయోజనం?"

"పూర్తిగా మూసుకున్న ఆరు నిమిషాలూ ఉట్టి కళ్ళతోనే చూడొచ్చట కూడా."

"నా కంఠంలో ప్రాణముండగా చూడనివ్వను."

ఆ పూట చెప్పెయ్యాల్సింది తొట్టి సంగతి. నోటిదాకా వచ్చింది. మేక ఒకటి తాడు తెంపుకుని పారిపోతే ఆ వంకన నేనూ పారిపోయాను.

గురువారం వచ్చింది. వానాకాలం కదా, పొద్దున మబ్బు పట్టి చంపుకు తింది, పదింటికి ఎవరో ఊడ్చేసినట్టు ఆకాశం శుభ్రపడింది. పదకొండుకి ఊరంతా నీళ్ళ కుండలూ రొట్టెల మూటలూ పట్టుకుని గుహల్లో దూరారు. మా అన్న పెద్ద గుహ వాకిట్లో నిలబడి తలలు లెక్కపెట్టుకున్నాడు. ఒక తల తక్కువైంది, అది నాది. టీచరమ్మ పట్నం మనిషి కనుక లెక్కలో లేదు.

మేమిద్దరం గుహ ఎదురుగా మొక్కజొన్న ఆరబోసే గచ్చు ఊడ్చి, దాని మీద సున్నం చల్లాం. నా దగ్గర అమ్ముడుపోని టోపీలు ఇరవై ఆరున్నాయి. అన్నీ తెచ్చాను. పన్నెండు దగ్గర పడుతుండగా ఒక టోపీ చేతుల్లో ఎత్తి పట్టుకున్నాను. గచ్చు మీద వంద సూర్యులు పడ్డారు. అప్పుడు ప్రతి సూర్యుడికీ ఒకే పక్కన చిన్న గాటు. ఎలకపిల్ల రొట్టె అంచు కొరికినట్టు.

"టీచరమ్మా, వచ్చేసింది!"

"వచ్చేసిందత్తా!"

ఇద్దరం చేతులు పట్టుకుని గెంతులేశాం. తర్వాత నాకు ఒళ్ళు మండింది. ఇంత వింత జరుగుతుంటే నా ఊరు దుప్పటి వెనక కూర్చుని చెమటలు కక్కుకోవడమేమిటి? గుహ వాకిలి దగ్గరికెళ్ళి గొంతు చించుకున్నాను.

"ఆడవాళ్ళారా! ఇన్నాళ్ళూ నా టోపీలు చూసి నవ్వారు కదూ? వచ్చి చూడండి, ఒక్కో టోపీ వంద సూర్యుల్ని మోస్తోంది! తల వంచుకునే రండి! పైకెత్తినదాని జుట్టు పీకుతాను!"

"లోపలికి రావే నిసే!" అని అన్న కేక.

"రాను! నువ్వే బయటికి రా!"

దుప్పటి అంచు కదిలింది. మొదట తెక్లా పిన్ని ముక్కు బయటికొచ్చింది, తర్వాత మొత్తం పిన్ని. లంగా చింపి కట్టుకున్న ఎర్రగుడ్డలతో పండక్కి తయారైన దూడలా ఉంది. గచ్చు చూసింది, నోరు తెరుచుకుంది.

"అమ్మ తల్లీ! ఇన్ని నెలవంకలు ఎక్కణ్ణుంచి తెచ్చావే?"

ఆ మాటతో దుప్పటి ఆగలేదు. ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని, పిల్లల మెడలు వంచి పట్టుకుని బయటికొచ్చారు. ఉన్న టోపీలన్నీ పంచేశాను. గచ్చంతా నెలవంకలే, పిల్లల చొక్కాల మీద నెలవంకలు, మేక వీపు మీద నెలవంకలు. గుక్కపట్టి ఏడుస్తున్న చంటిదాని అరచేతిలో టీచరమ్మ ఒక నెలవంక వేస్తే అది ఏడుపు మానేసి పిడికిలి మూసింది.

ఆ సందట్లో ఒక పిల్ల టోపీని ముఖానికి అడ్డం పెట్టుకుని సందుల్లోంచి సూర్యుణ్ణి చూడబోయింది. ఒక్క ఉదుటున వెళ్ళి టోపీ లాగేశాను.

"సందులోంచి చూడకూడదే! సందు కింద పడ్డది చూడాలి! వీపు అటు, ముఖం ఇటు! ఏదీ, చెప్పు?"

"వీపు అటు, ముఖం ఇటు" అంది పిల్ల. పిల్లలంతా దాన్నే పాట కట్టారు. కళ్ళు కాపాడిన పాట అంటే అదే.

ఇటు తిరిగేసరికి తెక్లా పిన్ని గుహలోంచి ఆకు నానబెట్టే రేకు తొట్టి ఈడ్చుకొస్తోంది, నిండా నీళ్ళు.

"చిన్న చిన్నవి ఏం కనిపిస్తాయే? పెద్దవాళ్ళ పద్ధతిలో నీళ్ళలో చూద్దాం, పెద్దగా కనిపిస్తుంది" అని అప్పుడే దాని మీదికి వంగుతోంది.

నేనేం చేశానో నాకే తెలియదు. పరిగెత్తుకెళ్ళి కాలితో ఒక్క తాపు తన్నాను. తొట్టి దబ్బున బోర్లా పడింది, నీళ్ళు పిన్ని కాళ్ళ మీద పడ్డాయి.

"ఏం పుట్టిందే నీకు, దెయ్యమా!"

"ఆ నీళ్ళే పిన్నీ! మా అన్న కళ్ళు తీసింది గ్రహణం కాదు, ఆ నీళ్ళే! నీళ్ళలో సూర్యుడూ అదే సూర్యుడు. తొట్టి పెట్టింది నేను, చల్లగా ఉంటుంది చూడమన్నది నేను. నా వల్లే పోయాయి!"

కేకలు పెట్టి ఏడ్చాను. ఊరంతా చేతుల్లో టోపీలతో బొమ్మల్లా నిలబడిపోయింది. వెనక దుప్పటి కదిలిన చప్పుడైంది. తలకి గొంగళి కప్పుకుని మా అన్న వాకిట్లో నిలబడున్నాడు. అంతా విన్నాడు.

"నాకు తెలుసు నిసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ నెలలోనే పట్నం డాక్టరు చెప్పాడు, నీళ్ళలో చూడటం వల్లేనని."

"మరి... మరి ఇన్నేళ్ళూ గ్రహణం తినేసిందన్నావే!"

"నేననలేదు, ఊరంది. నేనూరుకున్నాను. తొట్టి అని చెప్తే తొట్టి ఎవరు పెట్టారంటారు. పదహారేళ్ళ పిల్లవి, ఊళ్ళో బతకనిచ్చేవాళ్ళా నిన్ను?" గొంగళి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "అయినా తొట్టి పెట్టింది నువ్వు, చూసింది నేను. నువ్వూ చూస్తానని ఎంత ఏడ్చావో గుర్తుందా? పక్కకి నెట్టేసి నేనొక్కణ్ణే చూశాను. నా కక్కుర్తి వల్లే నీ కళ్ళు మిగిలాయి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. ఇన్నేళ్ళూ నేను ఆయన దగ్గర దాచిందీ, ఆయన నా దగ్గర దాచిందీ ఒకటే.

"మరి అన్నీ తెలిసి ఊరందర్నీ గుహలోకి ఎందుకు తోలావు?"

"భయం వేసిందే" అన్నాడు అన్న. ఊరిపెద్ద, అందరి ముందూ, అంత మాట అనేశాడు. "గ్రహణమంటే ఇప్పటికీ నాకు కాళ్ళు వణుకుతాయి."

నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"గొంగళి తియ్యక్కర్లేదు. తల కూడా ఎత్తకు. కిందికి చూడు, అంతే."

గచ్చు దాకా నడిపించాను. నా టోపీ ఆయన ముందు ఎత్తి పట్టుకున్నాను. ఏది సూటిగా చూస్తే అది పోతుంది కదా ఆయనకి, ఇంత చేసీ ఇదీ పోతే? అన్న మెల్లగా వంగాడు.

"నిసే... ఇవన్నీ ఏమిటి?"

"కనిపిస్తున్నాయా?"

"మధ్యలోవి లేవు. చుట్టూ ఉన్నాయి. ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి, కొడవళ్ళలా! ఎన్నున్నాయే!" గొంగళి జారి భుజాల మీద పడింది. "ఒక్కటి పెడితే మచ్చ మింగేస్తుంది. ఇన్నింటిని ఎలా మింగుతుంది?"

"అల్లిక ఎవరిదనుకున్నావు?"

"నీదేలే, ఇంత దరిద్రంగా ఇంకెవరల్లుతారు" అన్నాడు. ఊరంతా గొల్లుమంది.

తర్వాత వెలుగు మారిపోయింది. ఎండ ఉంది కానీ వేడి లేదు, రంగు లేదు. నీడల అంచులు కత్తితో కోసినట్టయ్యాయి. టర్కీ కోళ్ళు చెట్టెక్కాయి. మేకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ముద్దగా నిలబడ్డాయి. నేల మీద నెలవంకలు గోటి గీతలంతయ్యాయి, తర్వాత వెంట్రుకలంతయ్యాయి. టీచరమ్మ ఒక కన్ను గచ్చు మీదా ఒక కన్ను గడియారం మీదా పెట్టి అరుస్తోంది.

"ఎవ్వరూ ఎత్తొద్దు! ఇంకా ఎత్తొద్దు! గచ్చు మీద ఒక్క గీత ఉన్నా ఎత్తొద్దు!"

పడమటి కొండల మీదినుంచి చీకటి ఊడిపడింది. గీతలు ఆరిపోయాయి.

"ఇప్పుడు! చూడండి, ఇప్పుడు ఉట్టి కళ్ళతోనే చూడండి!"

ఊరంతా ఒక్కసారిగా తల ఎత్తింది. ఒక్కసారిగా అందరి గొంతుల్లోంచీ ఏదో అరుపు వచ్చింది, అది ఏడుపో కేకో నేను చెప్పలేను. నేను చూడలేదు. అన్న తల వంచుకునే ఉన్నాడు, నా మణికట్టు విరిగిపోయేలా పట్టుకున్నాడు.

"ఎత్తన్నా."

"గీతలు పోయాయా?"

"పోయాయి."

"సరిగ్గా చూడు నిసే. ఒక్కటి కూడా లేదా?"

చచ్చేంత భయం వేసింది. అప్పుడూ చూడమన్నది నేనే, ఇప్పుడూ చూడమంటున్నది నేనే. తప్పయితే ఆ కాస్త అంచు చూపూ పోతుంది. మోకాళ్ళ మీద కూర్చుని గచ్చంతా వెతికాను. బూడిద రంగు నేల, ఒక్క వెలుగు చుక్క లేదు.

"ఒక్కటి కూడా లేదు. నా పిల్లల మీద ఒట్టు. ఎత్తు."

ఎత్తాడు. నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. తల పక్కకి తిప్పి చూశాడు. తర్వాత సూటిగా చూశాడు. మళ్ళీ పక్కకి, మళ్ళీ సూటిగా. అప్పుడు నవ్వాడు. ఇరవై ఒక్క ఏళ్ళలో అలాంటి నవ్వు నేను వినలేదు.

"నిసే! ఇది నాదే! ఇది నా మచ్చేనే!"

"ఏమంటున్నావన్నా?"

"నల్లటి బిళ్ళ, చుట్టూ తెల్లటి వెలుగు! నేను రోజూ చూసేది ఇదే! ఎన్నిసార్లు చెప్పాను మీకు, ఒక్కళ్ళకైనా అర్థమైందా? పక్కకి చూసినా అదే, సూటిగా చూసినా అదే, ఏమీ పోలేదు, మచ్చ మీద మచ్చ కూర్చుంది!" ఊరి వైపు తిరిగి చేతులెత్తాడు. "చూడండర్రా! ఫిదెన్సియో ఏం చూస్తున్నాడో ఇవాళ అందరూ చూడండి!"

తెక్లా పిన్ని చెంపలేసుకుంది. "అయ్యో నాయనా, ఇంత పెద్దదా!" అని భోరుమంది. అన్న ఆవిడ్ని ఓదార్చడం మాని ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ మచ్చని అంత గర్వంగా ఎవరూ ఎవరికీ చూపించుకుని ఉండరు.

"నువ్వు చూశావా?" అన్నాడు హఠాత్తుగా నా వైపు తిరిగి.

"నేను గచ్చు చూస్తున్నాను. సూర్యుడు తిరిగొచ్చేలోపు చెప్పొద్దూ ఎవరో ఒకరు?"

"లే. నేను చూస్తాను ఆ పని. నువ్వు పైకి చూడు."

"నీకు కనిపించదన్నా, మధ్యలో..."

"మధ్యలో నాకెందుకే? నాకు అంచులు కావాలి. అంచులు చూడటంలో ఈ కొండల్లో నన్ను మించినవాడెవడు? చూడవే, ఈసారి చోటిస్తున్నాగా!"

చూశాను. నడినెత్తిన నల్లటి సూర్యుడు. చుట్టూ తెల్లటి జుట్టు విరబోసుకున్నట్టు వెలుగు. పక్కనే మిట్టమధ్యాహ్నం నాలుగు చుక్కలు ఒక వరసలో. చుట్టూ కొండలన్నిటి వెనకా ఒకేసారి పొద్దు గూకుతోంది. ఇంత అందమైనదాన్ని ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ బతికానా అనిపించి కన్నీళ్ళు కారాయి, తుడుచుకుంటే ఆ కాస్తసేపూ పోతుందని తుడుచుకోలేదు. నా పక్కన అన్న ఎటూ చూడనట్టు, అన్నిటినీ చూస్తున్నట్టు నిలబడున్నాడు.

టీచరమ్మ గడియారం చూసి "ఇంకా అర నిమిషం..." అంటూనే ఉంది. గాలి మారిందో ఏమో, ఎవ్వరికీ ఏమీ తెలియలేదు. అన్న గొంతు కొండలకి తగిలి తిరిగొచ్చింది.

"పడమట తెల్లబడుతోంది! దించండి! తలలు దించండర్రా అందరూ!"

ఊరిపెద్ద మాట. నాది సహా ఊళ్ళో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా కిందికి వాలాయి. నేను మనసులో మూడు లెక్కపెట్టాను, నాలుగు లెక్కపెట్టాను. అప్పుడు ఫెళ్ళున ఎండ గచ్చు మీద పడింది. టోపీల కింద వెంట్రుకంత నెలవంకలు వందలకొద్దీ పుట్టుకొచ్చాయి, ఈసారి అటువైపు తిరిగి. కోళ్ళు చెట్టు దిగకుండానే కూతలు మొదలెట్టాయి.

"ఎండ పడ్డాక ఎవరైనా పైకి చూశారా?" అన్నాడు అన్న.

"లేదు మామా!" పద్నాలుగు గొంతులు.

"నిజం చెప్పండి! ఒక్కరైనా?"

"ఒక్కరూ చూళ్ళేదు మామా!"

టీచరమ్మ ఒక్కొక్క పిల్లవాడి ముందూ రెండు వేళ్ళు పెట్టి ఎన్నని అడుగుతూ పోయింది, అందరూ రెండన్నారు. అన్న అది మొత్తం విన్నాడు, పద్నాలుగో పిల్ల కూడా రెండన్నాక గచ్చు మీద కూలబడ్డాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. మా చుట్టూ పిల్లలు వీపు అటు, ముఖం ఇటు అని పాడుకుంటూ తిరుగుతుంటే మా అన్న నా భుజం మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నేను ఏడవనిచ్చాను.